బీరప్ప గొంగడి తాండూరు పోయింది

మాఘ మాసం, శుక్రవారం, పొద్దున పదిన్నర గంటలకు తాండూరు బడి ముందర మా తమ్ముడు బీరప్ప పేరు చెక్కిన బండ మీది గుడ్డ తీశారు. ఆ పూట అక్కడ ఏం జరిగిందో మా కుల్కచర్ల దిక్కు తలా ఒక తీరుగా చెప్పుకుంటున్నారు. పోనివాళ్ళే ఎక్కువ చెబుతున్నారు. అందుకని పోయివచ్చిన నేను రాస్తున్నాను. నలభై ఏళ్ళు దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. అందంగా రాయడం రాదు. జరిగింది రాయడం వచ్చు.

బీరప్ప ఎవరో తెలియని వాళ్ళకు ముందు అది చెప్పాలి. మేము కురుమలం. గొర్రెలు కాస్తాం, ఉన్ని కత్తిరిస్తాం, గొంగళ్ళు నేస్తాం. వాడు మీసం రాని వయసులో గొంగళ్ళ మూట ఎత్తుకుని షోలాపూరు పోయాడు. మూట అమ్ముకుని వారంలో రావలసినవాడు ఆరు నెలలు అక్కడి మిల్లు కూలీల మధ్య ఉండి, స్వరాజ్యం మాట నేర్చుకుని, కొంచెం చదువు కూడా నేర్చుకుని వచ్చాడు. "మన గొర్రె మీది ఉన్ని ఓడెక్కి పోయి కోటయి వస్తది. ఆ కోటు తొడుక్కున్నోడు మనల్ని తంతడు" అని మంద దగ్గర కూర్చుని చెప్పేవాడు. "ముందుగాల గొర్ల కాళ్ళకు మందు రాయిరా, దేశం సంగతి తర్వాత సూద్దువు" అనేవాడు మా నాయిన. మనది నిజాం రాజ్యం కదా, ఇంగ్లీషువాళ్ళతో నీకేం పని అని అడిగితే, "నిజామును కూసోబెట్టినోడు ఎవడు?" అని ఎదురు అడిగేవాడు. పెళ్ళయిన ఏడాదికే, ఇంగ్లీషు ఫౌజు రైళ్ళు ఆగకుండా తిరిగే యుద్ధం రోజుల్లో, తాండూరు పోయి వస్తానని పోయాడు. రాలేదు.

అండమాను పంపారని ఒకరన్నారు. బర్మా దాటాడని ఒకరన్నారు. తర్వాత ఇంగ్లీషువాళ్ళు పోయారు, పోలీసు యాక్షన్ అయింది, నిజాం రాజ్యమూ పోయింది. వాడి కబురు మాత్రం తెలియలేదు. మా అమ్మా నాయినా ఎదురుచూసే పోయారు. ఇంట్లో మిగిలింది ఇద్దరం. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన నేను ఒకదాన్ని. వాడి పెళ్ళాం లచ్చమ్మ ఒకతి.

లచ్చమ్మ సంగతి దాచకుండా చెబుతాను. మా కులంలో మొగుడు పోయిన ఆడది మారుమనువు పోవడం తప్పు కాదు. కానీ మొగుడు పోయాడని రూఢిగా తెలియాలి. ఆ తర్వాత అత్తింటి పెద్ద నలుగురిలో "నీకు మా ఇంటి కట్టు లేదు" అని నోటితో అనాలి. లచ్చమ్మకు ఈ రెండూ జరగలేదు. దోమలో గొంగళ్ళు నేసే రామయ్య ఉన్నాడు. పెళ్ళాం పోయింది, ఒక చిన్న బిడ్డ ఉంది. రెండేళ్ళ నుంచి అడుగుతున్నాడు. లచ్చమ్మకు ఇష్టమని నాకు తెలుసు. మా ఇంట్లో పెద్దను నేనే. అనవలసింది నేనే. నా తమ్ముడు చచ్చిపోయాడని నా నోటితో ఎందుకు అనాలి? అనలేదు.

ఇట్లా ఉండగా తాండూరు నుంచి అనంతయ్య పంతులు అనే ఆయన మనిషిని పంపాడు. స్వరాజ్యం కోసం జైళ్ళకు పోయి వచ్చినవాళ్ళను వెతికి వాళ్ళ కథలు అడిగి తెలుసుకునే మనిషి ఆయన. బీరప్ప తాండూరు దగ్గర గుండు తగిలి చనిపోయాడని చెబుతున్నారట, ఊరివాళ్ళు చందా వేసుకుని బండ నిలబెడుతున్నారట, ఇంటివాళ్ళు రావాలట, ఆయన వస్తువు ఏదైనా ఉంటే తేవాలట. వాడి వస్తువు ఇంట్లో ఒకటే ఉంది, పెళ్ళినాడు మా అమ్మ నేసి ఇచ్చిన గొంగడి. దాన్ని భుజాన వేసుకుని బయలుదేరాం.

దోమ దగ్గర

బస్సు కండక్టరు మా గొంగడిని చూసి ముక్కు మూసుకున్నాడు. "అవ్వా, అది పైన పెట్టిస్త. గొర్ల వాసన గొడుతుంది" అన్నాడు.

"నీ బస్సు వాసన కన్న నయమే ఉంది. నువ్వే పైకెక్కు" అన్నాను. వెనక కూర్చున్నవాళ్ళు నవ్వారు. వాడూ నవ్వాడు, టికెట్టు మాత్రం ఇద్దరికీ సరిగ్గా కొట్టాడు.

దోమ దగ్గరికి రాగానే ఇంజను పొగ కక్కింది. డ్రైవరు డబ్బా పట్టుకుని బావికి పోయాడు. అందరం దిగాం. రామయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. మేము పోతున్నామని ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఒక గుడ్డ మూట నా చేతిలో పెట్టాడు. వేయించిన పల్లీలు, బెల్లం ముక్క.

"అక్కా, తొవ్వల తినుండ్రి" అన్నాడు.

"నాకా, లచ్చికా?"

"ఇద్దరికి సాలుతయి."

అతను లచ్చమ్మ వైపు చూడలేదు. లచ్చమ్మ బస్సు చక్రం వైపు చూస్తూ, "పోరికి జ్వరం తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గింది. నిన్న గట్క తాగింది."

అంతే మాట్లాడుకున్నారు. ఇద్దరూ ముప్పై దాటినవాళ్ళు. నా ముందర బడిపిల్లల్లాగా నిలబడ్డారు. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో తెలియలేదు. డ్రైవరు నీళ్ళు పోసి పిలిచేదాకా నేను పల్లీలు తింటూ కూర్చున్నాను.

వికారాబాదు

వికారాబాదు గాలి మంచిదని పేరు. అనంతగిరి అడవి మీదుగా వచ్చే గాలికి దగ్గు జబ్బు తగ్గుతుందని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి అక్కడి దవాఖానాలో నెలలకొద్దీ ఉంటారు. గాలి మాట ఏమో గానీ చాయ్ మాత్రం మా దిక్కు కన్నా మంచిది. మా ఊర్లో పొద్దున్నే అంబలి తాగుతాం, చాయ్ చుట్టాలు వస్తేనే. అక్కడ కూలివాడు కూడా సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగుతాడు. గ్లాసు చాయ్ పది నయా పైసలు. పాత అణాల్లో ఎంత అని అడిగితే హోటలాయన లెక్క చెప్పడం మొదలుపెట్టి, పూర్తి కాకముందే నా చాయ్ చల్లారబెట్టాడు.

మా బల్ల మీదే నవాబుపేట నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునే ఒకాయన కూర్చున్నాడు. పెద్ద గొంతు. ఎక్కడికి పోతున్నారని అడిగాడు. తాండూరులో బండ నిలబెడుతున్నారు, అక్కడికి అన్నాను.

"బీరప్ప బండకా!" అని బల్ల చరిచాడు. "ఏం మనిషవ్వా ఆయన! ఆరడుగుల మీద ఇంకింత. మీసాలు గిట్ల, నిమ్మకాయలు నిలబెట్టచ్చు. ఉరుకుతున్న ఫౌజు రైలు మీదికి ఎగిరి దుంకిండు. ఇంగ్లీషు దొర తుపాకి గుంజుకొని ఆని నెత్తి మీదనే కొట్టిండు. మూడు గుండ్లు తగిలినా నవ్వుకుంటనే నిలబడ్డడు."

"నువ్వు సూసినవా?"

"సూసుడేంది? ఆయనతోని కల్సి తిరిగిన."

లచ్చమ్మ సాసరు కింద పెట్టి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. మా ఇంటి తలుపు చిన్నది. నేను కూడా వంగి దూరాలి. బీరప్ప ఒక్కడే తల వంచకుండా పోయేవాడు. వాడికి తొండను చూస్తే భయం. చిన్నప్పుడు తొండ కనిపిస్తే మందను వదిలేసి నా వెనక దాక్కునేవాడు.

"అన్నా," అంది లచ్చమ్మ ఆయనతో, "ఆయనకు మీసాలు ఎన్నడు వచ్చినయి?"

"పుట్టుకతోనే" అన్నాడు ఆయన. మేము ఎవరిమో చెప్పలేదు. చెబితే ఆయనకు ఆ పూట తిండి సయించేది కాదు. చాయ్ పైసలు తానే ఇస్తానని పట్టుబట్టాడు. బీరప్ప పేరు మీద అన్నాడు. ఇవ్వనిచ్చాం.

ఆ సాయంత్రం నుంచీ లచ్చమ్మ నవ్వు తలుచుకుంటూనే ఉన్నాను. వాడు పోయాక వాడి గురించి ఆమె నవ్వడం అదే మొదటిసారి. మా ఇంట్లో వాడి పేరు ఎత్తితే ఏడవాలి, లేకపోతే ఊరుకోవాలి. ఆ పద్ధతి పెట్టింది నేనే.

రైలులో

స్టేషను ముసాఫిరుఖానాలో పడుకుని పొద్దున్నే రైలెక్కాం. ఎక్కే తొందరలో లచ్చమ్మ చెప్పు ఒకటి పట్టాల మధ్య పడిపోయింది. రైలు కదిలాక రెండోది కూడా కిటికీలోంచి విసిరేసింది. "దొరికినోనికి జోడన్న దొరుకుతది" అంది.

మా ఎదురుగా ఒక సన్నటి మనిషి కూర్చున్నాడు. ఎవరు పక్కన కూర్చోబోయినా తానే జరిగి దూరం ఇస్తున్నాడు. దవాఖానాలో రెండేళ్ళు ఉండి, తగ్గిందని చెప్పాక గుల్బర్గా దగ్గర తన ఊరికి పోతున్నాడట. లచ్చమ్మ పల్లీలు ఇవ్వబోతే చేయి చాపలేదు, తువ్వాలు పరిచాడు. దాంట్లో పోసింది.

"మా ఇంటామె నేను కూసునే పీటను ఇంకెవ్వరికి ఇయ్యలేదంటమ్మా," అన్నాడు. "గదే నాకు భయం. పోంగనే ఆ పీట మీద కూసోవాలె గదా. ఆమె యాది పెట్టుకున్న మనిషిని నేను కాకపోతే?"

"రెండేండ్లేనా?" అని అడిగింది లచ్చమ్మ.

"రెండేండ్లు తక్కువనా తల్లీ?"

లచ్చమ్మ కిటికీలోంచి చూసింది. ధారూరు దాటాక అడవి పలచబడింది, ఎర్రమట్టి పోయి నల్లమట్టి వచ్చింది. కళ్ళాల్లో కందికట్టెలు కొడుతున్నారు. తాండూరు దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ చూసినా బండలే. మా దగ్గర మట్టితో చేసేవన్నీ అక్కడ బండతో చేస్తారు. గోడ బండ, కప్పు బండ, పశువుల తొట్టి బండ, చేను చుట్టూ కంచె కూడా నిలువు బండలే. ఇంత నున్నటి రాయి ఉన్న ఊరిలో మనిషి పేరు చెక్కాలనే బుద్ధి పుట్టడం వింత కాదు అనుకున్నాను.

బసమ్మ రొట్టెలు

స్టేషను బయట ఒక బండకప్పు కింద ముసలామె జొన్నరొట్టెలు చేస్తోంది. పేరు బసమ్మ. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతుంది. "బర్రి, కూడ్రి" అని పిలిచింది, రండి కూర్చోండి అని. మేము రొట్టె మందంగా చేస్తాం. ఆమె అరచేతితో తడుతూ పోతే కాగితంలా పలచగా వచ్చింది. పుంటికూర, వెల్లుల్లి కారం, తాండూరు కందిపప్పు. పప్పులో వేరే దినుసు ఏమీ వేయకుండానే రుచి ఉంది. రెండు రొట్టెలు కూరతో పావలా. అడిగితే కూర మళ్ళీ వేస్తుంది, అడగకపోతే తిడుతుంది.

నేను తింటుంటే ఆమె రొట్టె తట్టడం ఆపింది. నా భుజం మీది గొంగడి కొసను పట్టుకుని చూసింది.

"ఈ ముడి ఎవరిది?"

రెండు తెల్ల గీతల మధ్య ఒక ఎర్ర గీత, కొసన కోడికాలు లాంటి ముడి. మా అమ్మ చేయి. అమ్మకానికి నేసే గొంగళ్ళకు మా అమ్మ ఆ ముడి వేసేది కాదు. ఇంట్లోవాళ్ళు కప్పుకునే వాటికే వేసేది, వాడు కప్పుకుని పోయినదానికీ అదే ముడి.

"మా అమ్మది. మా తమ్ముడు బీరప్పకు నేసింది. ఎందుకు?"

"ఇదే ముడి నాను ఒక్కసారి చూసిన" అంది బసమ్మ. పెనం మీది రొట్టె మాడుతున్నా తీయలేదు.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. ఆమె మొగుడు బండల గనిలో పని చేసేవాడు. వాళ్ళ గుడిసె రైలుపట్టాల పక్కనే. యుద్ధం రోజుల్లో ఒక తెల్లవారుజామున తుపాకుల చప్పుడు వినిపించింది. పట్టాల పక్కన తంతి తార్లు కోసేవాళ్ళు వచ్చారని అనుకున్నారు. కాసేపటికి గుడిసె తడిక దగ్గర ఒక పిల్లవాడు పడి ఉన్నాడు. కడుపులో గుండు దిగింది. గొంగడి అదిమిపెట్టుకుని ఉన్నాడు. లోపలికి ఈడ్చారు.

"నీళ్ళు తాగిచ్చిన. కొన్నే తాగిండు. నీ పేరేమప్పా అంటే చెప్పలే. 'గొర్లకు నీళ్ళు పట్టిండ్రా?' అన్నడు. ఏ గొర్లో నాకేం తెలుసు? మల్ల అడిగిండు. పట్టినం, పండుకో అన్న. పండుకున్నడు. పొద్దు పొడిచినంక చూస్తే పానం లేదు."

ఫౌజువాళ్ళు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఆమె మొగుడూ ఆమె కలిసి గని అంచున గుంత తీసి, ఆ గొంగడిలోనే చుట్టి పూడ్చారు. పైన రాతిపెళ్ళలు పోశారు.

"నువ్వు ఎవ్వరికి చెప్పలేదా?" అని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఎందుకు చెప్పలే? ఇంగ్లీషోళ్ళు పోయినంక అందరికి చెప్పిన. ఎవరో పిల్లగాడు సచ్చిండని చెప్పిన. మీ బీరప్ప అంటే ఆరడుగులు అంటరు, మీసాలు అంటరు, రైలు మీద దుంకిండు అంటరు. ఈ పిల్లగాడు ఇంతే ఉండె. మీసమే లేకుండె. ఇద్దరు ఒకటని నాకెట్ల తెలుస్తది తాయీ?"

అందరూ చూసే చోటనే, రోజూ వందమంది రొట్టెలు తినే చోటనే, వాడి సంగతి తెలిసిన మనిషి కూర్చుని ఉంది. వాడి గురించి చెప్పుకునే గొప్పలే వాడిని దొరకనివ్వలేదు. వాళ్ళను తిట్టే అర్హత నాకూ లేదు. ఊర్లో ఎవరైనా "మీ తమ్ముడు పులి" అంటే ఏనాడూ కాదనలేదు.

లచ్చమ్మ తింటున్న రొట్టె పూర్తిగా తిన్నది. చేయి కడుక్కున్నది. "ఏడ పెట్టిండ్రో చూపిస్తవా అవ్వా?" అని అడిగింది.

గని

చూపించడానికి చోటు లేదు. ఆ అంచు మొత్తం తవ్వేశారు. పెద్ద గుంత, అడుగున పచ్చటి నీళ్ళు. పొరలు పొరలుగా బండలు తీసి బండ్ల మీద, రైళ్ళ మీద పంపేశారు. పక్కన రాతిపెళ్ళల గుట్ట ఒకటి మిగిలింది. ఎముకలు దొరికితే కూలీలు ఏం చేశారో బసమ్మకు తెలియదు, ఆమె మొగుడూ పోయాడు. "గీ గుట్టలనే ఏడనో" అని చేయి చూపించింది.

నేను కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. లచ్చమ్మ నిలబడే ఉంది. తర్వాత గుట్ట ముందర కూర్చుని చేతుల గాజులు ఒక్కొక్కటే తీసింది. పగలగొట్టలేదు. తీసి కొంగున కట్టుకుంది.

"వదినె, ఇగ నేనేం జేయాలె?" అంది.

ఏం చేయాలో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నేను అనవలసిన మాట ఒక్కటే ఉంది. వాడు పోయాడని రూఢి అయింది. చెప్పాను కదా, ఆ మాట నా నోటి నుంచి రావాలి. రాలేదు. వాడు పోయాడని తెలిసిన పూటనే వాడి పెళ్ళాన్ని కూడా ఇంటి నుంచి పంపితే ఇక ఆ ఇంట్లో వాడిది ఏం మిగులుతుంది? ఆమె వెళ్ళిపోతే వాడు నిజంగా పోయినట్టే అనిపించింది. "ఇంటికి పోయినంక సూద్దాం" అన్నాను. లచ్చమ్మ తల ఊపింది. పద్దెనిమిదో ఏట కూడా ఆమె అట్లాగే తల ఊపేది.

బడి ముందర

మరునాడు పొద్దున బసమ్మను వెంటబెట్టుకుని బడి దగ్గరికి పోయాం. అనంతయ్య పంతులు మమ్మల్ని చూసి ఎదురొచ్చి దండం పెట్టాడు. మంచి మనిషి. బసమ్మ చెప్పింది చెబితే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అప్పటికే బండ పక్కన బొమ్మ ఒకటి కట్టారు. గుడ్డ మీద రంగులతో వేసిన బొమ్మ. మీసాలు, తలపాగా, చేతిలో తుపాకి. "ఇది ఎవ్వరు?" అని అడిగాను. ఆయన బొమ్మ గుడ్డ ముడుత సరిచేశాడు. పంతులు భార్య లచ్చమ్మ చేతిలో కొత్త తెల్లచీర పెట్టింది. లచ్చమ్మ నా వైపు చూసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఒక పొరపాటు జరిగింది. పంతులు మా గొంగడిని రెండు చేతులా తీసుకుని, కళ్ళకు అద్దుకుని, వేదిక మీద పరిచాడు. వచ్చిన పెద్దలకు గౌరవం అని ఆయన ఉద్దేశం. సభ పెద్ద రాఘవరెడ్డి పటేలు, బండల గని ఉన్న ఆసామి, వచ్చి దాని మీద కూర్చున్నాడు. పంతులు పక్కన కూర్చున్నాడు. నన్నూ పిలిచి కూర్చోబెట్టారు.

మా కులంలో గొంగడిని నలుగురిలో పరిస్తే ఉత్త పరుపు కాదు. దాని మీద కూర్చుని అన్న మాట తీర్పు. ఇంటి పెద్ద అదే గొంగడి మీద ఉండి కాదనకపోతే ఒప్పుకున్నట్టే. గొంగడి మడిచాక ఆ మాట ఇక తిరగదు. పటేలుకు ఇది తెలియదు. పంతులుకూ తెలియదు. నాకు తెలుసు.

గుడ్డ తీశారు. తెల్లటి నున్నటి బండ. "బీరప్ప, కుల్కచర్ల, దేశం కోసం ప్రాణమిచ్చిన వీరుడు" అని అక్షరాలు. కూడబలుక్కుని చదివాను. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత పటేలు లేవకుండా కూర్చునే మాట్లాడాడు, మోకాలు నొప్పట.

"బీరప్ప మన అందరి బిడ్డ" అన్నాడు. "గీ చెల్లె ఇన్నేండ్లు ఆయన కోసం ఎదురుచూసింది. బతికినన్ని దినాలు బీరప్ప భార్యగనే ఉంటది. రోజు గీ బండకు దీపం పెడతది. బడి పక్కన ఆమెకు అర్ర కట్టిచ్చే పూచీ నాది. తిండి బట్ట ఊరిది."

మళ్ళీ చప్పట్లు. మనసులో ఏ చెడ్డా లేని మాట. లచ్చమ్మ ఒళ్ళో తెల్లచీర మీద రెండు చేతులూ పెట్టుకుని నేల చూస్తోంది. తల ఊపడానికి సిద్ధమవుతోంది. ఆ తల ఊపితే అయిపోతుంది. నేను ఊరుకుంటే ఇంటికి పోయాక చూద్దామన్న మాట కూడా ఉండదు.

"పటేలా, జర ఆగు" అన్నాను. "నువ్వు దేని మీద కూసున్నవో నీకు తెల్వదు."

ఆయన ఉలిక్కిపడి కింద చూసుకున్నాడు, తేలేమో అనుకున్నట్టు. జనం నవ్వారు. నేను లేచి నిలబడి గొంగడి సంగతి చెప్పాను. నవ్వు ఆగింది. తర్వాత చెప్పాను:

"మా తమ్ముడు సచ్చిపోయిండు. రైలు మీద దుంకలేదు. గీ బసమ్మ చేతి నీళ్ళు తాగి, గొర్ల సంగతి అడిగి సచ్చిపోయిండు. నేను వాని అక్కను, మా ఇంటి పెద్దను. గీ గొంగడి మీద నిలబడి అంటున్న. లచ్చీ, నీకు మా ఇంటి కట్టు లేదు. ఇగ నువ్వు మా కోడలివి కావు, మా బిడ్డవు. నీకు మనసున్న ఇంటికి పో."

వెనక నుంచి ఒకడు అరిచాడు. "దేశం కోసం పానమిచ్చినోని పెండ్లాం మారుమనువు పోతదా? సిగ్గు లేదా?"

"వాడు పానమిచ్చింది ఇంగ్లీషోడు పోవాలని," అన్నాను, "లచ్చి ఒక్కతి ఉండాలని కాదు. బండకు దీపం నువ్వు పెట్టు, నీకు తీరిక ఉన్నట్టుంది."

పటేలు ఏమంటాడోనని అందరూ చూశారు. ఆయన తన మోకాలు నిమురుకున్నాడు. "నా మాట వాపసు తీసుకోవచ్చునా అవ్వా, గిట్ల పరిచి ఉన్నప్పుడు?" అని అడిగాడు.

"మడిచేదాంక తీసుకోవచ్చు."

"అయితే తీసుకుంటున్న" అన్నాడు.

లచ్చమ్మ లేచింది. తెల్లచీరను పంతులు భార్య చేతిలో పెట్టింది. వేదిక దగ్గరికి వచ్చి, "పటేలా, జర లెవ్వు" అంది. ఆయన పంతులు భుజం పట్టుకుని లేచాడు. లచ్చమ్మ గొంగడిని ఒక కొస నుంచి, దుమ్ము దులుపుతూ, నిదానంగా మడిచింది. మడత పూర్తయ్యేదాకా ఎవరూ కదలలేదు.

మట్టి

శవం దొరకనివాడికి గొంగడిని పూడ్చడం మా ఇంటి ఆనవాయితీ. అదే పూట రాతిపెళ్ళల గుట్ట పక్కన గుంత తీశాం. గడ్డపార పటేలు గని నుంచి వచ్చింది. మొదటి మట్టి నేను వేశాను, తర్వాత లచ్చమ్మ. బసమ్మ చెంబు నీళ్ళు తెచ్చి పోసింది. "గొర్లకు నీళ్ళు పట్టినం అప్పా" అంది గుంతలోకి చూసి. అప్పుడు లచ్చమ్మ ఏడ్చింది. ఆమె ఏడుపు నేను వినడం అదే మొదలు. ఇన్నేళ్ళూ ఏడుపంతా నేనే ఏడ్చేశానని, ఆమెకు మిగల్చలేదని అప్పుడు తెలిసింది.

వచ్చే ముందు పంతులును ఒకటి అడిగాను. బొమ్మలో మీసాలు తీసేయించమని. "జనం ఒప్పుకోరమ్మా, ఆయనను గట్లనే చూసుకుంటరు" అన్నాడు. "బతికున్నప్పుడు వాడు ఎట్లున్నడో గట్ల పెట్టుండ్రి. లేకపోతే మల్ల ఎవడన్న తడిక కాడ పడి ఉంటే గుర్తుపట్టరు" అన్నాను. చేయిస్తానన్నాడు. చేయించాడో లేదో మళ్ళీ పోయి చూడలేదు.

లచ్చమ్మ మారుమనువు చైత్రంలో దోమలో అయింది. ఇప్పుడు కొందరు, ఆమె అత్తింటి మాట లేకుండా పోయిందని, ఆడది గొంగడి మీద నిలబడి అన్నది చెల్లదని అంటున్నారట. మగపెద్ద ఉంటే వాడే అనేవాడు. లేడు కాబట్టి నేను అన్నాను. చెల్లదనేవాళ్ళు ముందు ఈ మనుషులను అడగండి. ఆ పూట ఆ మాట విన్నవాళ్ళు వీళ్ళు: రాఘవరెడ్డి పటేలు, మాట వాపసు తీసుకున్నాడు. అనంతయ్య పంతులు. ఆయన భార్య శాంతమ్మ. బొమ్మ వేసిన మొగులయ్య. బండ చెక్కిన ఇమామ్ సాబు. డప్పు కొట్టిన నర్సిగాడు, వాళ్ళ అన్న. సిగ్గు లేదా అని అరిచిన కిరాణా దుకాణం మాణిక్యప్ప, తర్వాత మట్టి పోయడానికి కూడా వచ్చాడు. రొట్టెల బసమ్మ. బీరప్ప అక్కను, సాయమ్మను, నేను. మా ఇంటి బిడ్డ లచ్చమ్మ.